సినిమాలో లేని బొమ్మలకు అంత ఖరీదా? యానిమేషన్ ఆర్ట్ బుక్కుల లోగుట్టు

2025లో బొమ్మల సినిమాలు మన థియేటర్లలో బాగానే సందడి చేశాయి. జనవరిలో యూగో సాకో, రామ్ మోహన్ తదితరులు ముప్పై ఏళ్ల కిందట చేత్తో గీయించిన జపాన్ 'రామాయణ' తెలుగు మాటలతో తెర మీదికొచ్చింది. జులైలో 'మహావతార్ నరసింహ' వచ్చింది. ఒక పక్క పెంచలకోన, ఇంకో పక్క నరసింహకొండ ఉన్న నెల్లూరు జిల్లాలో ఆ సినిమాకు ఇంటిల్లిపాదీ బయల్దేరారంటే ఆశ్చర్యం లేదు. సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులోనే చూసే వీలు దొరికింది. వీటి మధ్యలో మార్చి నెలాఖరులో అయితే, పెళ్లి ఫొటో దగ్గర్నుంచి ఎమ్మెల్యే గారి ఫొటో దాకా అన్నీ ఏఐ చేతిలో పడి, జపాన్ యానిమేషన్ స్టూడియో 'జిబ్లీ' తరహా బొమ్మలైపోయి వాట్సాప్ డీపీల్లోకి ఎక్కాయి.

ఈ గాలికి ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలోకి ఒక కొత్త ఖర్చు కూడా వచ్చింది. 'ది ఆర్ట్ ఆఫ్' అని మొదలై, పక్కన సినిమా పేరుండే అట్ట పుస్తకం. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువే. దర్గామిట్టలో మా మేనల్లుడు అలాంటిది ఒకటి, 'జూటోపియా' సినిమాది, తెప్పించుకుని, రెండు రోజులు తిప్పి చూసి, "మామా, ఇందులో సగం బొమ్మలు సినిమాలో యాడా లేవే!" అన్నాడు. వాళ్ల నాయనది ఇంకో ప్రశ్న. "అంత డబ్బు పోస్తే గీయడమన్నా నేర్పిస్తారా ఇందులో?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండోదానికి జవాబు చిన్నది కనుక ముందు అది చూద్దాం.

## ఒకే అలమరలో నాలుగు రకాల పుస్తకాలు

యానిమేషన్ పుస్తకాలన్నీ పైకి ఒకే తీరుగా కనబడతాయి. లోపల సరుకు వేరు. గీయడం, కదిలించడం నేర్పే పుస్తకాలు ఒక జాతి. వాటిలో పేరున్నది డిస్నీ పాతకాపులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్'. బంతి నేలకు తగిలినప్పుడు ఎందుకు నొక్కుకోవాలి, మనిషి దూకే ముందు ఎందుకు వెనక్కి వంగాలి లాంటి పన్నెండు సూత్రాలను విడమరిచి చెప్పింది అదే. యానిమేషన్ కాలేజీల్లో ఇప్పటికీ వాటితోనే పాఠం మొదలవుతుంది.

'మేకింగ్ ఆఫ్' పుస్తకాలు రెండో జాతి. వీటిలో బొమ్మలకన్నా కబుర్లెక్కువ. ఎవరు ఏమన్నారు, ఎక్కడ డబ్బులు అయిపోయాయి, ఏ సాఫ్ట్‌వేర్ మొరాయించింది వగైరా. మూడోది స్టోరీబోర్డు పుస్తకం. సినిమా మొత్తాన్ని షాటు తర్వాత షాటుగా పెన్సిలు గళ్లలో చూపించేది. జపాన్‌లో జిబ్లీ వాళ్లు తమ సినిమాల స్టోరీబోర్డులను ఇలా వరసపెట్టి అచ్చు వేశారు.

మా వాడు కొన్నది నాలుగో జాతి. 'ఆర్ట్ ఆఫ్' పుస్తకం గీయడం నేర్పదు, కథ కూడా సరిగ్గా చెప్పదు. సినిమా ఎలా కనబడాలో తేల్చుకోవడానికి ముందుగా వేసుకున్న బొమ్మల్లోంచి ఏరిన సంకలనం అది. 'ముందుగా' అన్నదాంట్లోనే మా వాడి ప్రశ్నకు సగం జవాబుంది. మిగతా సగం కోసం ఆ బొమ్మలు ఏ వరసలో పుడతాయో చూడాలి.

## రొట్టెల పండగ మీద సినిమా తీస్తే

విదేశీ సినిమాల పేర్లతో చెబితే చూడనివాళ్లకు అందదు. కాబట్టి మనమే ఒక సినిమా తీస్తున్నామనుకుందాం. ఒంగోలు వైపు నుంచి ఒక నాయనమ్మ, పదేళ్ల మనవరాలు నెల్లూరు రొట్టెల పండగకు వస్తారు. నాయనమ్మకు కావాల్సింది ఆరోగ్య రొట్టె. మనవరాలికి ఏం కావాలో చివరిదాకా చెప్పదు. కథ ఇంతే.

మొదటి పని రిఫరెన్స్. చిత్రకారులు మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గాకు వస్తారు. స్వర్ణాల చెరువు మెట్లు తడిసి ఎలా మెరుస్తున్నాయి, నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు తల మీద కొంగు ఎలా కప్పుకున్నారు, రొట్టె ఇచ్చే చేయి ఎలా ఉంది, పుచ్చుకునే చేయి ఎలా ఉంది అని స్కెచ్‌బుక్కుల్లో ఎక్కించుకుంటారు. 'పెళ్లి రొట్టె', 'ఉద్యోగ రొట్టె' అని అరిచేటప్పుడు మెడ ఎటు తిరుగుతుందో కూడా.

తర్వాతది విజువల్ డెవలప్‌మెంట్. స్టూడియోల్లో ముద్దుగా 'విజ్ డెవ్' అంటారు. ఈ దశలో వేసే బొమ్మలకే కాన్సెప్ట్ ఆర్ట్ అని పేరు. ఇక్కడ అందంగా గీయడం కన్నా 'ఇలా ఉంటే?' అని అడగడం ముఖ్యం. ఒకరు తెల్లవారుజాము చెరువును నీటిరంగుల్లో, మనుషులు కనబడీ కనబడనట్టు వేస్తారు. ఇంకొకరు పై నుంచి చూసినట్టు, చెరువు నిండా తలగుడ్డలు మాత్రమే రంగురంగుల చుక్కలుగా వేస్తారు. మూడోవాళ్లు ఏకంగా నీళ్ల కిందికి దిగిపోతారు: వందల కాళ్లు, రాలిన రొట్టె తుంపులు, వాటి కోసం వచ్చిన చేప పిల్లలు. దర్శకుడు నీళ్ల కింది బొమ్మ చూసి మురిసిపోయి, ఈ కథ మనవరాలి కంటితో సాగుతుంది, ఆ పిల్ల మునగదు కదా అని పక్కన పెడతాడు. సినిమాలో అది ఉండదు. పుస్తకంలో మాత్రం రెండు పేజీలు పరుచుకుని ఉంటుంది. మా వాడు అడిగింది ఇలాంటి బొమ్మల గురించే.

ఆ పైన క్యారెక్టర్ డిజైన్. నాయనమ్మ గుండ్రంగా ఉండాలా, వంగిన కొడవలిలా ఉండాలా? దీన్ని షేప్ లాంగ్వేజ్ అంటారు. మనిషి స్వభావాన్ని ఆకారంతోనే చెప్పేయడం. పిక్సార్ 'అప్' (2009) సినిమాలో ముసలాయన కార్ల్‌ను చతురస్రాల మీద కట్టారు. తల, కళ్లద్దాలు, కుర్చీ అన్నీ పలకలే. ఆయన భార్య ఎల్లీవి గుండ్రాలు, వంపులు. ఆమె పోయాక ఆ పలకల మనిషి పలకల కుర్చీలో ఒంటరిగా కూర్చుంటే మనకు కారణం తెలియకుండానే గుండె బరువెక్కుతుంది. ఆర్ట్ బుక్ చూశాక కారణం తెలుస్తుంది. తెలిశాక కూడా బరువు తగ్గదు, అది వేరే సంగతి.

డిజైన్ ఖాయమయ్యాక మోడల్ షీట్ తయారవుతుంది. ఒకే మనిషిని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తిప్పి చూపే బొమ్మలు, కోపం, నవ్వు, ఆవలింత. వందల మంది పనిచేసే చోట అందరి చేతిలోనూ ఒకే నాయనమ్మ రావాలంటే ఇది తప్పదు. వెంకటగిరిలో చీర మీద నెమలి నేసే ముందు గళ్ల కాగితం మీద డిజైన్ వేసుకుంటారు చూడండి, మోడల్ షీట్ పనీ అంతే. కట్టుకునేది చీరే అయినా, పని తెలిసినవాళ్లు ఆ గళ్ల కాగితాన్ని కూడా తీరిగ్గా చూస్తారు.

ఇక స్టోరీబోర్డు, ఆ గళ్లను వరసగా అతికించి తాత్కాలిక గొంతులు పెట్టి చూసుకునే స్టోరీ రీల్, కెమెరా ఎక్కడుందో తేల్చే లేఅవుట్ వస్తాయి. వీటికి ఆర్ట్ బుక్కుల్లో చోటు తక్కువ. పెన్సిలు గళ్లు అట్ట మీద అమ్ముడుపోవు మరి.

ఇదంతా మనకు బొత్తిగా కొత్త కాదు. 'మాయాబజార్' (1957)కు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. ఘటోత్కచుడి గద, శశిరేఖ నగలు సెట్లోకి రాకముందు కాగితం మీద పుట్టాయి. బాపు గారైతే తన సినిమాలకు షాట్లు బొమ్మలుగా గీసుకుని మరీ సెట్‌కు వెళ్లేవారు. తేడా ఏమిటంటే, మన దగ్గర అలాంటి కాగితాలు షూటింగ్ అయ్యాక ఎక్కడివక్కడ పోయేవి. అక్కడ వాటిని దాచి, స్కాన్ చేసి, అచ్చేసి అమ్ముతున్నారు.

## సినిమా మొత్తం ఒక్క పేజీలో: కలర్ స్క్రిప్ట్

ఆర్ట్ బుక్‌లో ఒక్క పేజీయే చూసే టైముందంటే నేనైతే కలర్ స్క్రిప్ట్ పేజీ చూడమంటాను.

అడ్డంగా వరసలు. ఒక్కో వరసలో అగ్గిపెట్టె కన్నా చిన్నవి, పది పన్నెండు బొమ్మలు. మొహాలకు కళ్లూ ముక్కూ ఉండవు, మనుషులు రెండు మూడు రంగు మచ్చలు. ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకు పోతే సినిమా మొదటి సీను నుంచి చివరి సీను దాకా రంగు ఎలా మారుతుందో తెలుస్తుంది. 'టాయ్ స్టోరీ' (1995)కి కళాదర్శకుడు రాల్ఫ్ ఎగ్లెస్టన్ దీన్ని పాస్టెల్ సుద్దలతో వేశాడు. పూర్తిగా కంప్యూటర్‌లో తయారైన మొదటి పూర్తి నిడివి సినిమాకు రంగులు కుదిరింది సుద్దముక్కలతోనే అన్నమాట.

మన రొట్టెల పండగ సినిమాకు వేసి చూద్దాం. ఒంగోలులో ఇల్లు: వెల్లవేసిన గోడ, నాయనమ్మ వెలిసిన నేత చీర, అంతా బూడిద వన్నె. రైల్లో ప్రయాణం: కిటికీలోంచి పచ్చటి వరి, లోపల ఇంకా బూడిదే. చెరువు దగ్గర పగలు: ఎండకు రంగులన్నీ తెల్లబోయి, కళ్లు చికిలించాల్సినంత వెలుతురు. ఆ గుంపులో మనవరాలు తప్పిపోతుంది. ఇక్కడ చిత్రకారుడికి చిక్కు. పిల్ల తప్పిపోతే చీకటి వేయడం అందరూ చేసేదే. కానీ కథలో అది మిట్టమధ్యాహ్నం. అప్పుడు వెలుతురునే ఇంకా పెంచి, మనుషుల నీడలు కూడా లేకుండా చేసి, పిల్ల గౌను ఒక్కటే ఎర్రగా ఉంచుతాడు. దొరికాక సాయంత్రం, దీపాలు, మొదటిసారి పసుపు. నాయనమ్మ చీరలో ఇంతసేపూ మనకు ఆనని పసుపు అంచు ఆ దీపాల వెలుగులో బయటపడుతుంది.

ఇది సినిమాలో చూస్తే గంటన్నర పడుతుంది, పైగా కథలో పడి రంగు గమనించం. అదే కలర్ స్క్రిప్ట్‌లో ఒక్క చూపులో తగులుతుంది. ఎర్రటి చుక్క ఒక్క గడిలోనే ఉందని, పసుపు చివరి వరసలోనే వచ్చిందని వేలు పెట్టి చూపించొచ్చు. ఈ పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్లు పుస్తకం అందుకోగానే ముందు ఈ పేజీ ఎక్కడుందో వెతుక్కునేది ఇందుకే.

## పక్కన పెట్టినవే ఎక్కువ ఎందుకు?

కొంచెం లెక్క చూద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 90 నిమిషాల సినిమా అంటే 1,29,600 ఫ్రేములు. కంప్యూటర్ యానిమేషన్‌లో ఒకసారి బొమ్మను కట్టి, వెలుగు పెట్టి, కదిలించాక 'ఇది కాదు, మారుద్దాం' అనడం చాలా ఖరీదైన మాట. అదే మాట కాగితం మీద అంటే ఒక రోజు పని పోతుంది. అందుకే సందేహాలన్నీ కాగితం దగ్గరే తీర్చుకోవాలని చూస్తారు. ఒక బొమ్మ తెర మీదికి పోవాలంటే దాని వెనక ఎన్నో బొమ్మలు పక్కకు తప్పుకోవాలి.

కొన్నిసార్లు తప్పుకునేది బొమ్మ కాదు, కథే. 'టాయ్ స్టోరీ'లో హీరో వుడీ మొదట్లో మాట్లాడించే కీలుబొమ్మ. 1993 నవంబరులో డిస్నీ పెద్దలకు చూపిన స్టోరీ రీల్‌లో వాడు ఎంత దుర్మార్గంగా తయారయ్యాడంటే, పని ఆపేసి కథ తిరగరాయాల్సి వచ్చింది. 'జూటోపియా' (2016) ఇంకా మంచి ఉదాహరణ. జంతువులే మనుషుల్లా బతికే ఊరి కథ అది. చాలాకాలం ఆ కథకు నాయకుడు నక్క. ఆ ఊళ్లో వేటజంతువులన్నీ మెడకు షాక్ కొట్టే పట్టీ వేసుకుని తిరగాలి. అంత చీకటి ఊరిని జనం ఇష్టపడరని, కథను కుందేలు వైపు నుంచి చెప్పాలని నిర్ణయించింది విడుదలకు ఏడాదిన్నర కూడా లేనప్పుడు. అప్పటిదాకా పట్టీల లోకం కోసం గీసిన బొమ్మలన్నీ ఏం కావాలి? సినిమాలో వాటికి చోటు లేదు. వాటిని చూశాక సినిమాలో నక్క ఎందుకంత జాగ్రత్తగా, ఎవర్నీ నమ్మనట్టు నడుస్తుందో ఇంకో కోణం దొరుకుతుంది. ఆ నడక వెనక తీసేసిన పట్టీ ఉంది.

చేత్తో గీసిన సినిమాలకు, కంప్యూటర్ సినిమాలకు ఇక్కడ పెద్ద తేడా ఉంది. జిబ్లీ సినిమాలో మనం చూసే అడవి నిజంగా ఒక కాగితం. 'మై నైబర్ టొటొరో' (1988)కు కళాదర్శకుడు కజువో ఓగా. ఆ సినిమాకు పోస్టర్ రంగులతో వేసిన చెట్లనే కెమెరా కింద పెట్టి తీశారు. కాబట్టి ఆ సినిమా పుస్తకంలో సినిమాలో ఉన్న బొమ్మలు కూడా కనబడతాయి, ఇంకా దగ్గరగా, కుంచె గీత తెలిసేలా. కంప్యూటర్ సినిమాకు అలాంటి 'అసలు కాగితం' ఉండదు. తుది రూపం కంప్యూటర్ లోపల మాత్రమే ఉంటుంది. దాన్ని అచ్చేస్తే సినిమా స్టిల్ అవుతుంది తప్ప పుస్తకానికి కొత్తదనం రాదు. అందుకే ఆ పుస్తకాలు ముందటి బొమ్మల మీద ఆధారపడతాయి. మా వాడు కొన్నది కంప్యూటర్ సినిమా పుస్తకం. వాడి ఫ్రెండు కొన్న జిబ్లీ పుస్తకంలో ఆ ఇబ్బంది తక్కువ.

## పుస్తకంలో గొప్పగా ఉంది, తెర మీద చప్పబడింది?

ఆర్ట్ బుక్ చూసినవాళ్లు చాలామంది ఈ ఫిర్యాదు చేస్తారు. ఇది 1950ల నాటి ఫిర్యాదే. డిస్నీలో మేరీ బ్లెయిర్ 'సిండ్రెల్లా' (1950), 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' (1951), 'పీటర్ పాన్' (1953)లకు వేసిన బొమ్మలు చూస్తే కళ్లు చెదురుతాయి. కత్తిరించి అతికించినట్టుండే చదును ఆకారాలు, ఒకదాని పక్కన ఒకటి పెట్టడానికి ఎవరూ సాహసించని రంగులు. తెర మీదికి వచ్చేసరికి ఆ చదునంతా గుండ్రబడి, మెత్తబడింది. రంగుల ధైర్యం కొంత మిగిలింది, ఆకారాల ధైర్యం పోయింది.

అన్యాయం జరిగిందనేవాళ్లున్నారు. గుండ్రటి మనుషులు చదును గదిలో నడిస్తే అతకదు, కదలని బొమ్మకు చెల్లేది కదిలే బొమ్మకు చెల్లదు అనేవాళ్లూ ఉన్నారు. రెండో వాదానికి పరీక్ష 'స్లీపింగ్ బ్యూటీ' (1959). అందులో నేపథ్యాలు వేసిన చిత్రకారుడు ఐవిండ్ ఎర్ల్ శైలిని మెత్తబరచకుండా దాదాపు ఉన్నదున్నట్టు తెరకెక్కించారు. ప్రతి ఆకూ చెక్కినట్టు ఉంటుంది. వెనకున్న చెట్లు పాత్రలను మింగేస్తున్నాయని యానిమేటర్లే గొణిగారు. అందరికన్నా అందమైన డిస్నీ సినిమా అదేనని ఇప్పటికీ వాదించేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు ఆ సినిమాలో అడవి గుర్తుంది, రాకుమారి మొహం గుర్తులేదు. ఇది మెచ్చుకోలో తప్పుపట్టడమో మీరే తేల్చుకోండి.

'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్' (2018) నుంచి లెక్క మారింది. అందులో పాత కామిక్స్ అచ్చులో కనబడే చుక్కలను, రంగు గీత దాటి పక్కకు జరిగిపోయే అచ్చు లోపాన్ని కావాలనే తెర మీద పెట్టారు. కాన్సెప్ట్ ఆర్ట్‌కూ తుది సినిమాకూ మధ్య దూరం తగ్గించాలన్న పట్టుదల ఆ తర్వాత వచ్చిన చాలా సినిమాల్లో కనబడుతుంది.

## ప్రచారమా, చరిత్రా?

ఈ పుస్తకాలను విమర్శించేవాళ్ల మాట ఇది: సినిమాతో పాటే పుస్తకం మార్కెట్లోకి రావాలి. అంటే సినిమా పూర్తికాకముందే పుస్తకం ప్రెస్సుకు పోవాలి. స్టూడియో అనుమతి లేకుండా ఒక్క బొమ్మ, ఒక్క వాక్యం బయటికి రాదు. అందరూ అందర్నీ పొగుడుతారు. మధ్యలో వెళ్లిపోయిన దర్శకుడి ఊసు ఒక వాక్యంలో తేలిపోతుంది, లేదా అసలుండదు. రాత్రింబవళ్లు పనిచేసి చెయ్యి పడిపోయిన యానిమేటర్ గురించి ఉండనే ఉండదు. కాబట్టి ఇది అట్ట కట్టిన పోస్టరు.

రెండో వైపు వాళ్లు చెప్పేది: రాసిన మాటలు వదిలేయండి, బొమ్మలు చూడండి. రద్దయిన బొమ్మను అచ్చెయ్యడమంటేనే 'మేము ఇక్కడ తటపటాయించాం' అని ఒప్పుకోవడం. ఈ పుస్తకాలు రాకపోయి ఉంటే ఆ ఫైళ్లు ఏ సర్వర్‌లోనో మగ్గిపోయేవి.

నాకు రెండూ నిజమే అనిపిస్తుంది, కానీ సమానంగా కాదు. సినిమాతో పాటు వచ్చే పుస్తకంలో రాత భాగం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత వచ్చే పుస్తకాల్లో, చిత్రకారుల సొంత స్కెచ్‌బుక్కుల్లో మాటలు కాస్త విచ్చుకుంటాయి. బొమ్మలు మాత్రం ఎప్పుడు అచ్చయినా అబద్ధం చెప్పలేవు. ఏరివేతలో దాచగలరు, అంతే.

పేర్ల విషయంలో ఈ ఏరివేత ఎంత ముఖ్యమో టైరస్ వాంగ్ కథ చెబుతుంది. 1910లో చైనాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన ఆయన 1938లో డిస్నీలో కిందిస్థాయి పనికి కుదిరాడు. రెండు కీలక బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు గీసే పని అది. జింకపిల్ల కథ 'బాంబి'కి అడవి ఎలా ఉండాలో తేలక తలలు పట్టుకుంటున్నప్పుడు, చైనా సంప్రదాయ చిత్రాల పద్ధతిలో పొగమంచు, నాలుగు గీతల చెట్టు, మధ్యలో ఒక జింక ఉండేలా చిన్న చిన్న బొమ్మలు వేసి చూపించాడు. మొత్తం సినిమా ఆ దారిన పోయింది. 1941లో డిస్నీ స్టూడియోలో జరిగిన సమ్మె తర్వాత ఆయన్ను తీసేశారు. 1942లో సినిమా వచ్చినప్పుడు టైటిల్స్‌లో ఆయన పేరు నేపథ్య చిత్రకారుల్లో ఒకటిగా ఉంది. 2001లో డిస్నీ సంస్థ ఆయన్ను 'లెజెండ్'గా గౌరవించింది. 2016లో నూట ఆరేళ్ల వయసులో పోయారు. ఇప్పటి ఆర్ట్ బుక్కుల్లో ప్రతి బొమ్మ కింద గీసినవాళ్ల పేరు, ఏ రంగులతో గీశారో రాయడం ఆనవాయితీ అయింది. ఆ చిన్న అక్షరాల వరస 1942లో ఉండి ఉంటే ఆయన అన్నేళ్లు ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు.

## జిబ్లీ ఫిల్టర్ గొడవలో ఈ పుస్తకాలు ఎక్కడ నిలబడతాయి?

మార్చిలో ఫోన్లలో పుట్టిన బొమ్మల గురించి రెండు వాదాలు నడిచాయి. గీయడం రానివాడికి కూడా తన కుటుంబాన్ని ఆ రంగుల్లో చూసుకునే సరదా దక్కింది, శైలి మీద ఎవరికీ హక్కు ఉండదు కదా అన్నది ఒకటి. అడక్కుండా కళాకారుల పనిని యంత్రానికి మేపి, వాళ్ల పొట్టే కొడుతున్నారన్నది రెండోది. చట్టం సంగతి కోర్టులు తేలుస్తాయి. ఇక్కడ ఒక పొరపాటును మాత్రం సరిచేయాలి. జిబ్లీ దర్శకుడు హయావో మియజాకీ ఏఐని 'ప్రాణానికే అవమానం' అన్నాడని అప్పుడు అందరూ పంచుకున్నారు. ఆయన ఆ మాట అన్నది 2016లో, ఒక డాక్యుమెంటరీలో, తలతో నేల మీద పాకే వికృతమైన ఆకారం కదలికను కంప్యూటర్‌తో తయారుచేసి చూపించినప్పుడు. 2025 ఫిల్టర్ల గురించి కాదు. దాన్ని మెచ్చుకుని ఉండేవాడని దీనర్థం కాదు, ఆ మాటను మాత్రం దాని చోట ఉంచాలి.

ఆర్ట్ బుక్ ఈ గొడవలో తీర్పు చెప్పదు. కానీ 'జిబ్లీ స్టైల్' అంటే గుండ్రటి కళ్లు, మెత్తటి పచ్చదనం అనుకునేవాళ్లకు ఒక సంగతి చూపిస్తుంది. మియజాకీ కథ రాసి, తర్వాత బొమ్మలు వేసే మనిషి కాదు. ముందు నీటిరంగుల్లో ఇమేజ్ బోర్డులు వేస్తాడు, వాటిలోంచి కథ బయటికి తీస్తాడు. స్టోరీబోర్డు పూర్తికాకుండానే సినిమా పని మొదలైపోతుంది. ముగింపు ఏమిటో స్టూడియోలో చాలామందికి తెలియదు. ఆయన ఒకే పిల్లను పది రకాలుగా గీసి చూడటం ఆ పుస్తకాల్లో కనబడుతుంది. జుట్టు పొట్టిగా, పొడుగ్గా, చేతిలో బుట్ట ఉండి, లేకుండా. ఫిల్టర్ ఇచ్చేది పదకొండో బొమ్మను పోలినది. మొదటి పదీ దానికి అక్కర్లేదు.

## ముందు పుస్తకమా, సినిమానా?

దీని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. సినిమాతో పాటు వచ్చే పుస్తకాలు కథను దాచవు. 'స్పిరిటెడ్ అవే' ఇంగ్లిష్ ఆర్ట్ బుక్‌లో స్క్రిప్టు మొత్తం వెనక అచ్చేశారు. కథ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు పుస్తకాన్ని సినిమా తర్వాతే తెరుస్తారు. గీసేవాళ్లలో కొందరు కావాలనే ముందు చదువుతారు. కలర్ స్క్రిప్ట్ తెలిసి థియేటర్‌లో కూర్చుంటే రంగు ఎప్పుడు మారుతుందా అని కాచుక్కూచోవచ్చంటారు.

## కాగితం, తెర, సముద్రపు గాలి

ఆ బొమ్మలే చిత్రకారుల వెబ్ పేజీల్లో, ఇన్‌స్టాలో ఉచితంగా కనబడుతుంటే కొనడమెందుకన్నది మా బావ చివరి ప్రశ్న. ఇందులో న్యాయం ఉంది. సినిమా విడుదలయ్యాక అనుమతి దొరికిన చిత్రకారులు తమ పనిని తామే పెడుతున్నారు. పుస్తకంలో చోటు దక్కనివి కూడా అక్కడ దొరుకుతాయి.

రంగు విషయంలో కూడా తెరదే పైచేయి. ఫోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగు చూపిస్తుంది. అచ్చు యంత్రం నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలను కాగితం మీద వేస్తుంది. వెలుగుతో పుట్టే మెరిసే నీలం, నియాన్ ఆకుపచ్చ ఆ నాలుగు సిరాలకు అందవు. డిజిటల్‌గా వేసిన రాత్రి సీన్లు పుస్తకంలో కాస్త మసకబారినట్టు ఉండేది అందుకే. అదే నీటిరంగులు, గువాష్ (చిక్కటి నీటిరంగు), పాస్టెల్‌తో వేసినవైతే కాగితం మీద చూడాల్సిందే. కాగితం గరుకు, రంగు ఆరిన అంచు అచ్చులో తెలిసినంతగా ఫోనులో తెలియవు. పైగా వేలితో తోసేస్తే పోయే బొమ్మ ముందు మనిషి ఆగడు. రెండు పేజీల మీద పరిచిన కలర్ స్క్రిప్ట్ ముందు ఆగుతాడు.

అడ్డంగా ఉండే పుస్తకాల్లో ఒక చిరాకు ఉంది. సినిమా తెర వెడల్పు కనుక బొమ్మ రెండు పేజీల మీదికి పోతుంది. సరిగ్గా మధ్య కుట్టులో హీరో ముక్కు ఇరుక్కుపోతుంది. మంచి ప్రచురణకర్తలు ముఖ్యమైన భాగాన్ని కుట్టుకు దూరంగా జరుపుతారు. లోపలి పేజీలు చూసి కొనేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. అలా చూసే అవకాశం మన ఊళ్ల షాపుల్లో దాదాపు లేదు. నెల్లూరు, ఒంగోలు వాళ్లు పొద్దున్నే పినాకినిలో చెన్నై పోయి పెద్ద పుస్తకాల షాపుల్లో తిరగేసి, ధర చూసి, ఇంటికొచ్చి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టడం మామూలే. షాపువాళ్లకు ఇది నచ్చదు.

ఇంకొకటి మన జిల్లాల సొంత సమస్య. ఈ పుస్తకాలు ఎక్కువగా నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చవుతాయి. ఆ నునుపు కోసం కాగితం మీద ఒక పూత ఉంటుంది. అది తడిసి ఆరితే ఒక పేజీ ఇంకో పేజీకి అంటుకుని, విడదీస్తే రంగుతో సహా ఊడొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వచ్చే తీరంలో, గోడకు ఆనించిన బీరువా అట్టడుగు అరలో ఇలాంటి పుస్తకం పెడితే ఒక్క వానాకాలానికే అంచులు అలలు తేలతాయి. మా వాడి పుస్తకం ఇప్పుడు బీరువా పై అరలో, వాళ్లమ్మ పట్టుచీరల పక్కన, సిలికా జెల్ పొట్లాలతో సహా ఉంది. వాళ్ల నాయన ఆదివారాలు అడిగి తీసుకుని చూస్తున్నాడు, జూటోపియా ఇంకా చూడలేదు గానీ.